బ్రిటన్‌లోని చైనీయ తల్లులు – శిశుపోషణానుభవ వినిమయం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బ్రిటన్‌లో నివసిస్తున్న చైనీయ తల్లులు పసిపిల్లల పెంపకంలో ఎదురయ్యే నిత్యానుభవాలను పరస్పరం పంచుకుంటారు. బాలింత పథ్యం, శిశువు నిద్ర, పెద్దల రాకపోకలు, ఇంటిభాష ఈ సంభాషణల్లో ప్రధానమైన అంశాలు. తోబుట్టువులు లేకుండా పెరిగిన తరానికి చెందిన స్త్రీలకు ఈ మాటలు బంధువర్గం చేయవలసిన పనిని చేస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చైనీయ తల్లులు, బ్రిటన్, వలస, బాలింత, శిశుపోషణ, బంధుత్వం, ఇంటిభాష.

1. ఉపోద్ఘాతం

పసిబిడ్డల తల్లులు నలుగురు ఒకచోట చేరినప్పుడు సాగే మాటలను పొద్దుపోక చెప్పుకొనే కబుర్లుగా తోసిపుచ్చడం సులభం. బిడ్డ రాత్రి ఎన్నిసార్లు లేచింది, పాలు చాలుతున్నాయా, జావ ఎప్పుడు మొదలుపెట్టాలి, అత్తగారు ఏమన్నారు – ఇవే ఆ మాటలు. అయితే స్వదేశాన్ని విడిచి వచ్చిన స్త్రీల విషయంలో వీటికి అదనపు ప్రయోజనం ఉంది. పుట్టింటివారూ అత్తింటివారూ దగ్గర లేని చోట, రెండు భిన్నమైన వైద్యభావనల మధ్య, ఏది పాటించాలో ఏది వదలాలో తేల్చుకొనేది ఈ మాటల్లోనే. బ్రిటన్‌లోని చైనీయ తల్లుల సంభాషణల్లో తరచుగా వచ్చే కొన్ని విషయాలను తీసుకొని, వాటి వెనుక ఉన్న సామాజిక కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే పేరు – పలు సమూహాలు

2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో తమను చైనీయులుగా నమోదు చేసుకున్నవారు సుమారు 4 లక్షల 45 వేలు. వీరంతా ఒకే చోటి నుంచి వచ్చినవారు కారు. లివర్‌పూల్, లండన్‌లోని లైమ్‌హౌస్ ప్రాంతాలలో తొలుత స్థిరపడినవారు ఓడల్లో పనిచేసే నావికులు. రెండో ప్రపంచయుద్ధం తరువాత హాంకాంగ్ గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు భోజనశాలలు, టేక్‌అవే దుకాణాలు నడిపాయి. ఇటీవలి దశాబ్దాలలో చైనా ప్రధాన భూభాగం నుంచి విద్యార్థులు, ఉద్యోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. 2021 జనవరి 31న ప్రత్యేక వీసా మార్గం తెరుచుకోవడంతో హాంకాంగ్ కుటుంబాల రాక మళ్ళీ మొదలైంది.

టేక్‌అవే కుటుంబాల కాలంలో భార్యాభర్తలిద్దరూ అర్ధరాత్రి వరకు దుకాణంలోనే ఉండేవారు. పసిబిడ్డలను హాంకాంగ్‌లోని నాయనమ్మల వద్దకు పంపినవారు కొందరు, డబ్బు చెల్లించి ఇంగ్లీషు కుటుంబాల వద్ద ఉంచినవారు మరికొందరు. కాస్త ఎదిగిన పిల్లలు దుకాణంలో చేదోడువాదోడుగా ఉండేవారు. ఈ బాలశ్రమ స్వభావాన్ని మిరి సాంగ్ 1999లో వెలువరించిన గ్రంథంలో విశ్లేషించారు. నేటి ఉద్యోగిని తల్లి సమస్య ఇందుకు విరుద్ధమైనది. ఆమె బిడ్డను దూరంగా పంపడం లేదు. రోజంతా బిడ్డతో ఒంటరిగా మిగిలిపోతున్నది.

3. పిన్ని, పెద్దమ్మ లేని తరం

చైనాలో ఏకసంతాన విధానం 1980 ప్రాంతంలో మొదలై 2015 చివరి వరకు కొనసాగింది. ఆ కాలంలో నగరాల్లో పుట్టిన ఆడపిల్లల్లో అధికసంఖ్యాకులు తల్లిదండ్రులకు ఏకైక సంతానం. హాంకాంగ్ స్త్రీలకు ఈ విధానం వర్తించదు కాబట్టి వారిని ఇందులో కలపరాదు. ప్రధాన భూభాగం నుంచి వచ్చిన తల్లికి మాత్రం అక్క లేదు, చెల్లెలు లేదు. భర్తకూ తోబుట్టువులు లేకపోతే వదిన, ఆడబిడ్డ, తోడికోడలు కూడా లేరు. తమ్ముడిని ఎత్తుకొని తిప్పిన అనుభవం లేదు. చాలామంది విషయంలో తొలిసారి చేతుల్లోకి తీసుకొన్న పసిబిడ్డ తమ బిడ్డే.

దీనికి సెలవుల నియమాలు తోడయ్యాయి. చైనాలో జాతీయస్థాయి ప్రసూతి సెలవు 98 రోజులు. పలు రాష్ట్రాలు దీనిని పొడిగించాయి. సెలవు ముగిసి తల్లి ఉద్యోగంలో చేరాక బిడ్డ బాధ్యత తాతమ్మలది. బ్రిటన్‌లో ఉద్యోగినికి 52 వారాల వరకు సెలవు ఉంటుంది, అందులో 39 వారాలకు చట్టబద్ధమైన చెల్లింపు లభిస్తుంది. కాగితం మీద ఇది ఉదారమైన ఏర్పాటు. కానీ సాయం చేసేవారు లేని ఇంట్లో ఏడాది సెలవు ఏడాది ఏకాంతంగా మారగలదు. రెండు దేశాల విధానాలను సెలవు దినాల సంఖ్యతోనే పోల్చే అధ్యయనాలు ఈ అంశాన్ని విస్మరిస్తాయి.

ఈ ఖాళీలోకి వచ్చేవారు తోటి తల్లులు. వారు ఒకరినొకరు పిలుచుకొనే తీరు గమనింపదగినది. సొంతపేరు పక్కకు పోయి, బిడ్డ ముద్దుపేరుకు 'మామా' చేర్చి పిలుస్తారు. చైనీయ భాషలో 'మామా' అంటే అమ్మ. తెలుగు పాఠకునికి ఇది కాస్త తికమకగా తోచవచ్చు. మన పల్లెల్లో 'ఫలానావాళ్ళ అమ్మ' అని పిలవడం ఇటువంటిదే. పేరు పోవడాన్ని వ్యక్తిత్వలోపంగా చదివే స్త్రీవాద వ్యాఖ్యానానికి ఇక్కడ తావుంది. కానీ పరాయిదేశంలో ఈ పిలుపు మరో పని కూడా చేస్తున్నది: చదువు, ఉద్యోగం, స్వస్థలం అడగకుండానే ఇద్దరు అపరిచితులను ఒక వరుసలోకి తెస్తున్నది.

4. 'నెల కూర్చోవడం'

ప్రసవానంతరం తొలినెలలో పాటించే నియమాలను చైనీయులు 'జువో యుయెజి' అంటారు. 'నెల కూర్చోవడం' అని దాని అర్థం. బార్బరా పిల్స్‌బరీ 1978లో ప్రచురించిన వ్యాసంతో ఈ ఆచారం పాశ్చాత్య సామాజికశాస్త్రంలో విస్తృత చర్చకు వచ్చింది. ప్రసవంలో రక్తం పోవడంవల్ల దేహం చల్లబడుతుందనీ, తెరుచుకొన్న కీళ్ళలోకి గాలి చొరబడుతుందనీ, ఆ దోషం ముసలితనంలో నొప్పులుగా బయటపడుతుందనీ దీనికి ఆధారమైన భావన. అందువల్ల చన్నీరు తాకరాదు, తలస్నానం చేయరాదు, గాలిలోకి పోరాదు, పచ్చివీ చల్లనివీ తినరాదు. అల్లం, గుడ్లు, నువ్వులనూనెతో వండిన కోడిమాంసం, పాలు పడటానికి చేపల చారు పెడతారు. కాంటన్ ప్రాంతీయులు పందికాళ్ళను అల్లంతో, తియ్యని వెనిగర్‌తో గంటల తరబడి ఉడికిస్తారు. నెల నిండాక ఎర్రరంగు వేసిన గుడ్లు పంచి వేడుక చేస్తారు.

తెలుగువారికి ఈ భావన కొత్తది కాదు. బాలింతకు తలకు గుడ్డ కట్టడం, చెవుల్లో దూది పెట్టడం, కాయం తినిపించడం, వాతం చేస్తుందని కొన్ని పదార్థాలు మాన్పించడం మనకు తెలిసినవే. అయితే సిద్ధాంతం ఒకటైనా ఆచరణ వేరు. వేడినీళ్ళ స్నానం, తల ఆరడానికి సాంబ్రాణి పొగ తెలుగింటి పురుటిలో ముఖ్యమైనవి. చైనీయ సంప్రదాయం ఆ స్నానాన్నే నిషేధిస్తుంది. మరొక భేదం ఇంతకన్నా లోతైనది. మన వద్ద తొలిపురుడు పుట్టింటిది. చైనాలో పెక్కు ప్రాంతాలలో పెళ్ళైన కూతురు పుట్టింట్లో ప్రసవించడం అశుభం. ఆ నెల అత్తగారి ఏలుబడిలో గడవాలి. కనుక 'నెల' గురించిన ముచ్చట్లలో అత్తాకోడళ్ళ వ్యవహారం అంతగా చోటు చేసుకోవడంలో వింత లేదు.

బ్రిటన్ ఆసుపత్రిలో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. సాధారణ ప్రసవమైతే తల్లిని ఒక రోజులోపే ఇంటికి పంపవచ్చు. ప్రసవం కాగానే స్నానం చేయమంటారు. కాల్చిన రొట్టె, టీ ఇస్తారు. మంచంపక్క చల్లని నీళ్ళ కూజా ఉంటుంది. సిబ్బందికి ఇది ఆదరమే, తల్లికి మాత్రం బెంగ. అనుభవజ్ఞులైన తల్లులు కొత్తవారికి చెప్పేవి ఇక్కడే అక్కరకు వస్తాయి: ఆసుపత్రి సంచిలో వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకోవడం, అల్లం మరిగించిన నీళ్ళతో తలస్నానం చేసి వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టుకోవడం, చారు ముందుగానే వండి ఫ్రీజర్‌లో దాచుకోవడం. ఈ సర్దుబాట్లను ఆచారభంగమనీ అనలేం, మూఢవిశ్వాసమనీ అనలేం. గాలి చొరబడుతుందన్న భావనను నమ్మనివారు కూడా వీటిని పాటించడం కనిపిస్తుంది. ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోనులో జవాబు చెప్పుకోవాలి కదా.

5. రెడ్ బుక్, నాయనమ్మ

బ్రిటన్‌లో పుట్టిన ప్రతి బిడ్డకు ఆరోగ్య వివరాల పుస్తకం ఒకటి ఇస్తారు. ఎర్ర అట్ట కారణంగా దానికి 'రెడ్ బుక్' అన్న పేరు స్థిరపడింది. తొలిరోజుల్లో మిడ్‌వైఫ్, ఆ తరువాత హెల్త్ విజిటర్ ఇంటికి వచ్చి బరువు, పాలు, నిద్ర, తల్లి ఆరోగ్యం పరిశీలిస్తారు. చైనాలో ఇంటి పెద్దావిడకు ఉండే అధికారం ఇక్కడ కొంతమేరకు ఈ ఉద్యోగిని చేతిలో ఉంటుంది.

ఆసియా శిశువులలో నడుము కింద నీలిబూడిద రంగు మచ్చలు పుట్టుకతోనే తరచుగా ఉంటాయి. మన పిల్లల్లోనూ ఇవి సాధారణం. తెలియనివారు వీటిని కమిలిన దెబ్బలుగా పొరబడే ప్రమాదం ఉన్నందున బిడ్డ వైద్యపత్రాలలో ముందుగానే నమోదు చేయించాలి. 'మచ్చలు రాయించావా?' అన్నది ఒక తల్లి మరొక తల్లిని అడగదగిన మామూలు ప్రశ్న. కానీ బిడ్డను కొట్టారన్న అనుమానం నుంచి ఒక కుటుంబాన్ని కాపాడగల ప్రశ్న అది.

శిశువు నిద్ర విషయంలో రెండు అధికారాల చరిత్ర మరింత ఆసక్తికరం. ఒకప్పుడు బ్రిటన్‌తో సహా పాశ్చాత్య దేశాలలో బిడ్డను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చేవారు. హాంకాంగ్‌లో పనిచేసిన డి. పి. డేవిస్ 1985లో లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రచురించి, అక్కడ శిశువుల ఆకస్మిక నిద్రామరణాలు అరుదుగా ఉన్నాయని చూపి, వెల్లకిలా పడుకోబెట్టే అలవాటు అందుకు ఒక కారణం కావచ్చని సూచించారు. ఇతర దేశాల పరిశోధనలు కూడా తోడై, 1991 చివరలో బ్రిటన్‌లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలైంది. ఆ మరణాలు బాగా తగ్గాయి. అంటే నేడు హెల్త్ విజిటర్ చైనీయ తల్లికి చెప్పే పాఠం ఆమె నాయనమ్మ ఎరిగినదే. అట్లని నాయనమ్మ చెప్పేదంతా సరైనదని కాదు. గదిలో 16–20 డిగ్రీల వేడి చాలునని, బిడ్డను ఎక్కువ బట్టలతో కప్పరాదని బ్రిటన్ వైద్యసలహా. చలి పడుతుందని పొరమీద పొర చుట్టడం పెద్దల అలవాటు. ఇక్కడ వైద్యసలహాయే గ్రాహ్యం. సంప్రదాయం, శాస్త్రం అని రెండు గంపలు చేసి బేరీజు వేసే పద్ధతి ఇటువంటి విషయాలలో పనికిరాదు. ప్రతి అలవాటునూ విడిగా తూచవలసిందే. తల్లుల మాటల్లో జరుగుతున్నది ఈ తూకమే.

6. ఆరు నెలల అమ్మమ్మ

సాయానికి వచ్చే అమ్మమ్మ సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండలేదు. పెద్దలను శాశ్వతంగా రప్పించుకొనే నియమాలను 2012 జులైలో కఠినతరం చేశారు. వయసువల్లనో జబ్బువల్లనో నిత్యసంరక్షణ అవసరమై, అది స్వదేశంలో దొరకదని నిరూపించగలిగితేనే అనుమతి. బిడ్డను చూసుకొనేంత ఆరోగ్యం ఉన్న అమ్మమ్మకు ఆ అర్హత ఉండదన్నమాట. అందువల్ల అమ్మ తరఫువారు ఒక విడత, నాన్న తరఫువారు మరొక విడత వచ్చిపోయే ఏర్పాటు చేసుకొనే కుటుంబాలున్నాయి. అమెరికాకో బ్రిటన్‌కో కూతురి పురుటికి వెళ్ళివచ్చిన తెలుగు తల్లులకు ఈ వంతుల లెక్క చెప్పనక్కరలేదు.

అమ్మమ్మ వెళ్ళిపోతే పోయేది వంటా, ఎత్తుకొనే చేతులూ మాత్రమే కావు, భాష కూడా. ఉత్తర చైనాలో అమ్మమ్మ 'లావోలావో', నాయనమ్మ 'నాయ్‌నాయ్'. తెలుగు కూడా ఈ భేదాన్ని పాటిస్తుంది. ఇంగ్లీషు నర్సరీకి వెళ్ళిన బిడ్డకు ఇద్దరూ ఒకే 'గ్రాండ్‌మా'. టైన్‌సైడ్ ప్రాంతంలోని చైనీయ కుటుంబాలపై లీ వెయ్ 1994లో ప్రచురించిన గ్రంథం మూడు తరాలలో భాష ఎట్లా మారిందో చూపింది. తాతల తరం చైనీయ భాషకే పరిమితమైతే, మనుమల తరం ఇంగ్లీషువైపు మొగ్గింది. మధ్యతరం రెండింటి నడుమ నిలిచింది. నేటి తల్లులు ఆ మధ్యతరం స్థానంలో ఉన్నారు. నర్సరీలో బిడ్డ వెనుకబడుతుందేమోనని ఇంట్లోనూ ఇంగ్లీషు మొదలుపెట్టాలా, వారాంతపు చైనీయ పాఠశాలలో చేర్పించాలా, హాంకాంగ్ కుటుంబమైతే కాంటనీస్ నిలుపుకోవాలా లేక ఉపయోగం చూసి మాండరిన్ నేర్పాలా – ఈ ప్రశ్నలకు రెడ్ బుక్‌లో సమాధానం దొరకదు. ఇంటిభాషలో ధారాళంగా మాట్లాడటం బిడ్డ ఇంగ్లీషుకు ఆటంకం కాదన్నది ద్విభాషా పరిశోధకుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. అయినా వెనుకబడిపోతుందన్న భయాన్ని పోగొట్టేది పరిశోధన కన్నా, రెండేళ్ళు ముందున్న మరొక తల్లి బిడ్డ మాటలు వినడమే.

7. చెప్పుకోలేనిది

ప్రసవానంతర కుంగుబాటును గుర్తించడానికి బ్రిటన్‌లో విస్తృతంగా వాడే పది ప్రశ్నల పత్రం 1987లో ఎడిన్‌బరో పేరుతో వెలువడింది. దాని చైనీయ రూపాన్ని హాంకాంగ్ పరిశోధకులు పరీక్షించి 1998లో ఫలితాలు ప్రచురించారు. ప్రశ్నపత్రం ఉన్నంతమాత్రాన జవాబు రాదు. చైనాలో మనోవ్యథ తరచుగా దేహబాధగా వ్యక్తమవుతుందని ఆర్థర్ క్లైన్‌మన్ 1980 దశకంలో చూపారు. తలనొప్పి, నీరసం, నిద్రలేమి, పాలు పడకపోవడం – ఈ మాటల చాటున ఉన్నదానిని సాటి తల్లి త్వరగా పసిగట్టగలదు. అవే మాటలు తానూ అని ఉంటుంది గనుక. తలస్నానం మానడం గురించి మొదలైన సంభాషణ, బిడ్డ ఏడుస్తుంటే తానూ ఏడ్చానన్న మాట దగ్గరకు చేరడం ఇట్లాగే.

ఇంగ్లీషు అంతగా రాని తల్లికి మరొక చిక్కు ఉంది. హెల్త్ విజిటర్ ప్రశ్నలను భర్తో అత్తగారో అనువదిస్తే, వారి ఎదుట 'బాగానే ఉన్నాను' అనడం తప్ప ఆమెకు దారి ఉండదు. జాతీయ ఆరోగ్య సేవలో వృత్తి దుబాసీని ఉచితంగా కోరవచ్చు. ఈ సౌకర్యం ఉందని చాలామందికి తెలియదు. తెలిసినా, ఇంటివారిని కాదని అడగడానికి జంకుతారు. అపాయింట్‌మెంట్ తీసుకొనేటప్పుడే ఫలానా మాండలికం మాట్లాడే దుబాసీ కావాలని చెప్పాలి. ఆ ఫోను ఎట్లా చేయాలో, ఏమని అడగాలో ముందే చేసిన తల్లి నేర్పుతున్నది.