కంట్లో యాంటీబయాటిక్ చుక్కలు వేసే ముందు ఇవి తెలుసుకోండి

నూర్పిడిలో కంట్లో పొట్టు పడటం, నిమ్మ తోటలో ముల్లు గీరుకోవడం సీతారామపురం, ఉదయగిరి వైపు రైతులకు మామూలే. కన్ను ఎర్రబడగానే మందుల షాపులో అడిగి ఏదో ఒక చుక్కల మందు వేసుకుంటాం. ఒక్కోసారి దీనివల్లే చూపు పోతుంది.

ఏ జబ్బుకు పనిచేస్తాయి?
యాంటీబయాటిక్ చుక్కలు బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బుకే పనిచేస్తాయి. 2023 వర్షాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా వ్యాపించిన కళ్లకలక ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. అది సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పొట్టు, ఆకు, ముల్లు గీరుకున్న కంట్లో ఫంగస్ (బూజు) చేరవచ్చు. దానికి వేరే మందు వాడాలి.

దుష్ప్రభావాలు
• వేయగానే కాసేపు మంట, చూపు మసక. చూపు తేటపడే వరకు బండి నడపకండి.
• సిప్రోఫ్లాక్సాసిన్ వేస్తే నోరు చేదవుతుంది. కొందరికి నల్లగుడ్డుపై తెల్లటి పొడిలా పేరుకుంటుంది.
• జెంటామైసిన్, టోబ్రామైసిన్ కొందరికి పడవు. రెప్పలు వాచి దురద పెడితే మందు ఆపి డాక్టరును కలవండి.
• క్లోరాంఫెనికాల్ వల్ల చాలా అరుదుగా రక్తం తయారీ దెబ్బతింటుంది. రక్త సంబంధ జబ్బు ఉంటే ముందే చెప్పండి.

స్టెరాయిడ్ కలిసిందేమో చూడండి
సీసాపై డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్లే. ఎరుపు త్వరగా తగ్గి నయమైందనిపిస్తుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. ఎక్కువ రోజులు వాడితే నీటికాసులు, శుక్లం వస్తాయి. డాక్టరు రాస్తేనే వాడండి.

వేసే పద్ధతి
చేతులు సబ్బుతో కడుక్కోండి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయండి. సీసా మొన కంటికి తగలనీయకండి. కళ్లు మూసి, ముక్కు పక్క మూలను ఒక నిమిషం నొక్కి ఉంచండి. రెండో మందు ఉంటే 5 నిమిషాలు ఆగండి. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి. మూత తీసి నెల దాటిన సీసా పారేయండి. ఒకరి సీసా మరొకరు వాడొద్దు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి
నొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనిపించినా ఆగొద్దు. పురుగుమందు పడితే ముందుగా శుభ్రమైన నీటితో 15 నిమిషాలకు తగ్గకుండా కడిగి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఆకు పసరు, ఆముదం, చనుబాలు కంట్లో పోయకండి. కంటి డాక్టరు దగ్గరకు వెళ్తే ఒక రోజు కూలి పోతుందేమో, ఆలస్యం చేస్తే కన్నే పోవచ్చు.