రంగులు తప్పిన తెర

ఒక పాఠశాలలోని కంప్యూటరు తెరమీద భారతదేశపు పటము కనబడుచుండెను. పడమటనున్న అరేబియా సముద్రము చక్కని నీలిరంగుతోనే యున్నది. తూర్పుననున్న బంగాళాఖాతము మాత్రము ఊదారంగునకు తిరిగినది. కోస్తా జిల్లాల ఆకుపచ్చదనము క్రమముగా వన్నె తగ్గి, మచిలీపట్టణము చెంతకు వచ్చుసరికి మసిబారిన పసుపువలె నున్నది. నిన్నటివరకు ఈ మచ్చ లేదు. చూచినవారు “తెర చెడిపోయినది, క్రొత్తది కొనవలసినదే” యనిరి. నిజమునకు తెర చెడలేదు. పాటలు వినుటకై ముందునాడు ఎవరో తెచ్చి, తెరకు కుడిప్రక్కన ఆనించి పెట్టిన చిన్న స్పీకరు పెట్టెయే ఆ మచ్చకు కారణము.

2000 సంవత్సర ప్రాంతమున ఇట్టి సంఘటన మిక్కిలి సామాన్యము. నేటి కంప్యూటరు తెరలు పలకవలె పలుచగా నుండును. ఆనాటి తెరలకు పెద్ద వీపుండెడిది. బల్లమీద సగము చోటు నాక్రమించు ఆ పెట్టెలో నుండునది కాథోడు కిరణనాళ మను గాజుబుడ్డి. లోపలి గాలిని తోడివేసి, మూతి బిగించిన పెద్ద గరాటు వంటి దది. జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండు బ్రౌను 1897లో దీని తొలిరూపమును నిర్మించెను. 1909లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది గాని, అది ఈ నాళమునకు గాదు. తంతిలేని వార్తావిధానమున చేసిన కృషికై మార్కోనీతో పాటు ఆయనకు దాని నిచ్చిరి. ఇంటింట టెలివిజను వెలిగించిన వస్తువు తన్ను పుట్టించినవానికి బహుమానము తేలేకపోవుట వింతయే.

ఈ గరాటు కాడలో మూడు ‘తుపాకులు’ అమర్చబడి యుండును. ఇవి ఎలక్ట్రానులను తెరవైపునకు చిమ్మును. ఒకటి ఎరుపునకు, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి నీలమునకు అని వాటికి పేర్లు. అయితే ఎలక్ట్రానులకు రంగు లేదు. ఏ తుపాకినుండి వచ్చినను అవి యన్నియు ఒక్కటే. రంగు ఉండునది తెర లోపలి ముఖమున పూసిన వెలుగుపొడిలో. ఫాస్ఫరు అని పిలువబడు ఈ పొడి (భాస్వరము వేరు, ఇది వేరు) ఎలక్ట్రాను తాకినంతనే మెఱయును. ఒక పొడి ఎఱ్ఱగాను, ఒకటి ఆకుపచ్చగాను, ఒకటి నీలముగాను వెలుగును. ఈ మూడు పొడుల చుక్కలను ప్రక్కప్రక్కన లక్షలకొలది తెరనిండ అద్దుదురు. ఒకే రంగు చుక్కలు రెంటి నడుమ దూరము సాధారణముగా 0.28 మిల్లీమీటరు మాత్రమే. మూడును తగుపాళ్ళలో వెలిగినప్పుడు మన కన్ను వాటిని విడదీయలేక తెలుపని భ్రమించును.

మరి, ఎరుపు తుపాకి చిమ్మిన ఎలక్ట్రానులు ఎరుపు చుక్కనే తాకుట యెట్లు? ఇందులకై తెరకు కొంచెము వెనుకగా, జల్లెడవలె సన్నని కన్నములు గల ఇనుపరేకు నొకదానిని నిలుపుదురు. దీనిని షాడో మాస్కు అందురు. చీకటిగదిలో మూడు దీపములను కొంచెము ఎడముగా ఉంచి, గోడముందు జల్లెడ పట్టి చూచినచో ఇందలి కిటుకు తెలియును. ఒకే కన్నముగుండ వచ్చినను, మూడు దీపముల వెలుగు గోడమీద మూడు వేరు తావుల పడును. ఏలయనగా ప్రతి దీపమును ఆ కన్నమును వేరొక కోణమునుండి చూచుచున్నది. తుపాకులును అట్లే. అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థవారు 1950లో ఇట్టి నాళమును ప్రదర్శించి చూపిరి. ఈ ఏర్పాటు దుబారా గలది. ఎలక్ట్రానులలో సుమారు అయిదింట నాలుగు పాళ్ళు రేకుకు కొట్టుకొని వ్యర్థమగును. మిగిలిన ఒక పాలే తెరను చేరును. అయినను, ఇంచుమించు అర్ధశతాబ్దము ప్రపంచము చూచిన రంగుల బొమ్మలలో అత్యధికము ఈ జల్లెడగుండ వచ్చినవే.

కోణము తప్పినచో రంగు తప్పును. తెర జబ్బులలో సగము ఈ ఒక్క మాటలో నున్నవి. అయస్కాంతము చెంతనున్నప్పుడు ఎలక్ట్రానుల బాట వంగును. స్పీకరులో బలమైన అయస్కాంత ముండును. అది ప్రక్కన చేరినంతనే, నీలి చుక్కను తాకవలసిన ఎలక్ట్రానులు కొన్ని ఎఱ్ఱచుక్కపై పడును. నీలిసముద్రము ఊదాసముద్ర మగును. స్పీకరును దూరముగా జరిపినంతమాత్రమున మచ్చ పోవునా? ఒక్కొక్కప్పుడు పోవును. పెక్కుసార్లు పోదు. షాడో మాస్కు ఇనుపరేకు గదా! అయస్కాంతముచెంత కొంతకాల మున్న సూది తానును అయస్కాంతమైనట్లే, ఆ రేకును అయస్కాంతగుణమును పట్టుకొనును. దొంగ వెళ్ళిపోయినను దొంగబుద్ధి ఇంట మిగిలినది.

దీనికి మందు ఆ పెట్టెలోనే యున్నది. గాజుబుడ్డి చుట్టును ఒక రాగితీగచుట్ట అమర్చబడి యుండును. తెరను వెలిగించినంతనే ‘ధమ్’మని యొక శబ్దమై, బొమ్మ క్షణకాలము వణకుట చూచినవా రెందరో కలరు. ఆ శబ్దము ఈ చుట్టదే. దీనిగుండ ఏకాంతర విద్యుత్తు ప్రవహించును. మన దేశపు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది. కావున చుట్టలోని అయస్కాంతబలము సెకనునకు 100 పర్యాయములు దిక్కు మార్చుకొనును. రేకులోని అయస్కాంతగుణమును అది అటు నిటు కుదుపుచు, ప్రతి కుదుపునందును బలము తగ్గించుకొనుచు, తుదకు శూన్యమునకు వచ్చును. రేకులో ఏ దిక్కుపట్టుదలయు మిగులదు. మెల్లమెల్లగా తగ్గుటయే ఇందు కీలకము. ఒక్కసారిగా ఆపినచో చివరి కుదుపు రేకులో నిలిచిపోవును. ఆ తగ్గింపును చేయునది థర్మిస్టరను చిన్న బిళ్ళ. అది చల్లగా నున్నప్పుడు విద్యుత్తును ధారాళముగా పోనిచ్చును, వేడెక్కినకొలది అడ్డగించును. విద్యుత్తు ప్రవహించుటచే తానే వేడెక్కి, కొలది సెకనులలో తానే దారి మూసివేయును. ఇంత చక్కని ఉపాయమును ఇంత చవుకైన వస్తువుతో సాధించుట మెచ్చదగినది.

ఈ చికిత్సకు ‘డీగాస్’ అని పేరు. గాస్ అనగా జర్మను గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గాస్. అయస్కాంతబలపు కొలమానమునకు ఆయన పేరు పెట్టిరి. ఈ మాట పుట్టినది తెరలకొఱకు గాదు, ఓడలకొఱకు. రెండవ ప్రపంచయుద్ధారంభమున జర్మనులు సముద్రమున విడిచిన మందుపాతరలు, ఉక్కు ఓడల అయస్కాంతగుణమునకే ప్రేలుచుండెను. 1939 నవంబరు 23న ఇంగ్లండు తీరమున షూబరీనెస్ వద్ద బురదలో చిక్కిన యొక పాతరను ఆంగ్ల నావికాదళమువారు ప్రాణములకు తెగించి విప్పి, దాని మర్మమును గనుగొనిరి. అంతట ఓడలకు తీగలు చుట్టి విద్యుత్తును పంపి, వాటి అయస్కాంతగుణమును అణచిరి. నాడు నావికుల ప్రాణములు కాచిన ఉపాయమే తరువాత బల్లమీది తెరకు వచ్చినది.

తెరలలో కొన్నింటికి డీగాస్ మీట ముందుభాగముననే యుండును. మరికొన్నింట మెనూలో దొరకును. మచ్చ పోలేదని ఆ మీటను వెంటవెంట నొక్కుట వ్యర్థము. బిళ్ళ వేడిగా నున్నంతసేపు చుట్టలోనికి విద్యుత్తు చాలినంత పోదు. పదునైదు ఇరువది నిమిషములు చల్లారనిచ్చి మఱల నొక్కినప్పుడే ఫలము. ముందు స్పీకరును తొలగించుట మరువరాదు.

స్పీకరు లేకున్నను మచ్చ రావచ్చును. భూమి యే యొక పెద్ద అయస్కాంతము. తూర్పుముఖముగా నున్న తెరను వెలుగుచుండగనే ఉత్తరముఖముగా త్రిప్పినచో మూలలయందు రంగు కొంచెము మారుట కలదు. త్రిప్పినపిమ్మట ఒకమారు డీగాస్ చేసినచో సరిపడును. మచ్చ లేక, బొమ్మ అలలవలె ఊగుచున్నచో కారణము వేరు: చెంతనే ఫ్యానో, ట్రాన్స్‌ఫార్మరో తిరుగుడు అయస్కాంతబలమును పుట్టించుచున్నది. నిలుకడగల అయస్కాంతము మరకను చేయును. మారుచుండునది వణకును పుట్టించును.

ఒకటి మాత్రము ఏ మీటకును లొంగదు. తెర క్రిందపడినప్పుడు గాని, బలమైన అయస్కాంతమును ఎవరైన ఆటకై తెరకు తాకించినప్పుడు గాని, సన్నని రేకు వంగిపోవచ్చును. వంగిన జల్లెడను గాజు పగులగొట్టక సరిచేయ వీలులేదు.

ఇంతవరకు చెప్పినది మచ్చల సంగతి. తెరయంతయు ఒకే తీరున రంగు మారినచో అయస్కాంతమును అనుమానింప బనిలేదు. తెల్లని పుట పసుపుపచ్చగా కనబడెనా, నీలము రాలేదన్నమాట. నీలము కలసిన ఆకుపచ్చగా నున్నచో ఎరుపు రాలేదు. ముదురు గులాబిరంగున నున్నచో ఆకుపచ్చ రాలేదు. తరచుగా దోషము తీగయందే యుండును. 1987లో ఐ.బి.ఎమ్. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో కంప్యూటరు నుండి తెరకు వచ్చు తీగకొసను మూడు వరుసలలో 15 పిన్నులకు చోటుండును. మొదటి పిన్ను ఎరుపును, రెండవది ఆకుపచ్చను, మూడవది నీలమును మోయును. తొందరలో వంకరగా గ్రుచ్చినచో వీటిలో ఒకటి వంగిపోవును. దానితో ఒక రంగు మాయమగును. తీగను కదలించినప్పుడు రంగు వచ్చిపోవుచున్నచో సందేహమే లేదు. నడిమి వరుసలో ఒక పిన్ను లేకుండుట చూచి కొందరు బెదరుదురు. తొమ్మిదవ స్థానమును పెక్కు తీగలలో తయారీదారులే ఖాళీగా విడిచెదరు.

దోషము తీగదో, కంప్యూటరుదో, తెరదో తేల్చుటకు ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. తెర ముందుభాగపు మీటను నొక్కినప్పుడు వెలుగు హెచ్చుతగ్గుల మెనూ బొమ్మపై కనబడును. ఆ మెనూ కంప్యూటరునుండి రాదు. తెర తానే దానిని గీచుకొనును. బొమ్మ పసుపుపచ్చనై, మెనూలోని తెలుపు తెల్లగానే యున్నచో తెర నిర్దోషి. తీగను మార్చి చూడవలయును, పిమ్మట కంప్యూటరును చూడవలయును. మెనూకును పచ్చకామెర్లు పట్టినచో దోషము తెరలోపలనే యున్నది. ఈ పరీక్ష తెలియనందున ఎన్ని మంచి తెరలు మూలబడినవో!

ఆకాశపు బొమ్మలో నీలము మెల్లగా మారక మెట్లుమెట్లుగా కనబడినచో, అది జబ్బే గాదు. కంప్యూటరు 256 రంగులకే పరిమితమై యున్నది. ఆ సంఖ్యను పెంచినచో మెట్లు పోవును. సోనీ సంస్థ 1968లో వెలువరించిన ట్రినిట్రాను నాళములలో కన్నముల రేకునకు బదులు నిలువుతీగల వరుస యుండును. ఆ తీగలు ఊగకుండ వాటికి అడ్డముగా వెండ్రుకవంటి తీగను కట్టుదురు. తెల్లనిపుటమీద దాని నీడ సన్నని గీతవలె కనబడును. పెద్ద తెరలలో అట్టివి రెండు. దానిని పగులని భావించి తెరను తిరిగి యిచ్చినవారును కలరు.

తెర వెలిగినపిమ్మట చాలసేపటికి గాని ఒక రంగు రాకున్నచో ఆ రంగు తుపాకి వృద్ధాప్యము చెందినది. తెరయంతయు ఒకే రంగున మండిపోవుచు, ఏటవాలు గీతలు కనబడినచో తుపాకిలోపల తాకరాని భాగములు తాకినవి. ఈ రెంటికిని పెట్టె విప్పవలసియుండును. విప్పుట విద్యార్థుల పని గాదు. రంగుల నాళమున సుమారు 25,000 వోల్టుల విద్యుత్తు పనిచేయును. అంతేగాక, గాజునకు లోపలను వెలుపలను విద్యుత్తును మోయు పూత యుండుటచే బుడ్డి యావత్తును విద్యుత్తును దాచు పాత్రవలె నుండును. మీట ఆర్పి, గోడనుండి తీగను ఊడదీసినపిమ్మటను ఆ నిలువ చాలకాలము మిగిలియుండవచ్చును. అనుభవజ్ఞుడైన మెకానిక్కు మొదట చేయునది దానిని భద్రముగా భూమిలోనికి పంపుటయే. అతడును ఒక చేతిని వెనుకకు పెట్టుకొని రెండవచేతితోనే పని చేయును. విద్యుత్తు ఒక చేతినుండి రెండవచేతికి గుండె మీదుగా పోకుండుటకై ఈ జాగ్రత్త.

బాగుపడని తెరను చెత్తకుప్పపై వేసి పగులగొట్టుటయు అపాయమే. లోపల గాలి లేనందున గాజు లోనికి కూలి పెంకులు ఎగిరిపడును. ఎక్స్‌కిరణములు వెలుపలికి రాకుండ గరాటు గాజులో సీసమును కలిపిరి. అది నేలలోను నీటిలోను చేరరాదు. భారతదేశమున ఇట్టి విద్యుత్ పరికరముల చెత్తకై 2011లో ప్రత్యేక నియమములు వెలువడి, 2012 మే నెలనుండి అమలునకు వచ్చినవి. పూర్వము ఈ గాజును కరగించి క్రొత్త నాళములు చేసెడివారు. క్రొత్త నాళముల తయారీ దాదాపు నిలిచిపోయినందున సీసముగల ఆ గాజును అడుగువారు కరవై, దేశదేశముల గిడ్డంగులలో అది గుట్టలుగా పేరుకొనినది.