రెండంగుళాల ఎడబాటు

వరంగల్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ నెలంతా నన్ను వదల్లేదు. ఆమె, డల్లాస్‌లో ఉంటున్న ఆమె స్నేహితుడు కలిసి అమెరికన్ సోల్ సంగీత పద్ధతిలో ఒక యుగళగీతం కట్టారట. ఏ కంపెనీ గడపా తొక్కకుండా తామే సింగిల్‌గా విడుదల చేసుకోవాలని వాళ్ల కోరిక. ‘ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ పాడితే పక్కపక్కన నిలబడి పాడినట్టు వస్తుందా?’ అని ఆమె ప్రశ్న.

వస్తుంది. సందేహముంటే ‘ఐంట్ నో మౌంటెన్ హై ఎనఫ్’ వినండి. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ 1967 ఏప్రిల్‌లో టామ్లా లేబుల్ మీద విడుదల చేసిన సింగిల్ అది. మోటౌన్ కూడా సొంతంగా పుట్టిన కంపెనీయే. బెర్రీ గోర్డీ 1959లో ఇంటివాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఓ ఇల్లు కొని దాంట్లోనే స్టూడియో పెట్టాడు. పాట రాసింది నికొలస్ ఆష్‌ఫర్డ్, వాలరీ సింప్సన్. పాడింది మార్విన్ గే, టామీ టెరెల్. ఒకరి మాట పూర్తయ్యీ కాకముందే మరొకరు అందుకోవడం, ఒకరు ఊపిరి తీసుకునే సందులో మరొకరు దూరిపోవడం వింటుంటే, ఇద్దరూ ఒకే మైకు దగ్గర కళ్లలో కళ్లు పెట్టి పాడారని ఒట్టేసి చెప్పాలనిపిస్తుంది. కానీ టెరెల్ తన వంతు ఒక్కతే పాడి వెళ్లిపోయింది. గే తర్వాత వచ్చి, టేపు మీదున్న ఆమె గొంతు వింటూ తన గొంతు కలిపాడు.

అదే కాలంలో మద్రాసులో ఘంటసాల, సుశీల వాద్యబృందం మొత్తంతో కలిసి ఒకే టేకులో పాడేవారు. ఎవరు తడబడినా అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే. అది వేరే విద్య, దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ నాకు ముచ్చట గొలిపేది డెట్రాయిట్ టేపులో దాగిన కిటుకు.

టేపు రికార్డరులో టేపు మూడు హెడ్‌ల ముందు నుంచి వరుసగా సాగుతుంది. మొదటిది పాతదాన్ని చెరిపేస్తుంది, రెండోది కొత్తదాన్ని రాస్తుంది, మూడోది రాసినదాన్ని చదివి వినిపిస్తుంది. రాసే హెడ్‌కీ చదివే హెడ్‌కీ మధ్య రెండంగుళాల దూరం ఉందనుకుందాం. స్టూడియోల్లో టేపు వేగం సాధారణంగా సెకనుకు 15 అంగుళాలు. అంటే రాసే హెడ్‌ని దాటిన చోటు చదివే హెడ్‌ని చేరడానికి 0.13 సెకను పడుతుంది. ఇప్పుడు గే చెవులకు టెరెల్ గొంతు చదివే హెడ్ నుంచి వస్తోందనుకోండి. ఆమెతో సరిగ్గా కలిపి పాడతాడు. కానీ అతని గొంతు పడేది రెండంగుళాలు వెనకున్న చోట. తర్వాత వింటే, ఎంత గొప్పగా పాడినా, ప్రతి మాటా 0.13 సెకను ఆలస్యం. నిమిషానికి 120 దరువులు పడే పాటలో ఒక్కో దరువుకు అర సెకను. అందులో పావు వంతుకు పైగా తేడా వస్తే ఇక డ్యూయెట్ ఎక్కడిది?

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు గిటారిస్టు లెస్ పాల్ అని చాలామంది రాసేస్తుంటారు. తప్పు. ఆ మహానుభావుడు చేసింది వేరు. చెరిపే హెడ్ కన్నా ముందు ఇంకో చదివే హెడ్ బిగించాడు. పాత ధ్వని అక్కడ వినిపిస్తుంది, దాన్ని కొత్తదానితో కలిపి రాసే హెడ్ తిరిగి రాస్తుంది, ఈలోగా పాతది చెరిగిపోతుంది. కాలం తప్పదు, నిజమే. కానీ పదో పొరలో తప్పు దొర్లితే మిగతా తొమ్మిదీ పోయినట్టే. పొర పొరకూ హిస్ శబ్దం పెరుగుతుంది. ఆ పద్ధతిలోనే భార్య మేరీ ఫోర్డ్‌తో అతను అద్భుతాలు చేశాడు, ఆ ధైర్యానికి దండం పెట్టాలి. అయితే గొంతులు విడివిడిగా ఉంటూనే కాలంలో కలిసే దారి చూపింది ఆంపెక్స్ సంస్థ ఇంజనీరు రాస్ స్నైడర్. ఆ పద్ధతికి సెల్-సింక్ అని పేరు. దాంతో తయారైన ఎనిమిది ట్రాకుల యంత్రం 1957లో లెస్ పాల్ ఇంటికే చేరింది. గందరగోళం అక్కడే మొదలైందేమో!

స్నైడర్ ఆలోచన వింటే ఇంతేనా అనిపిస్తుంది. హెడ్ అంటే సన్నని చీలిక ఉన్న ఇనుప వలయం, దానికి చుట్టిన తీగ. తీగలో విద్యుత్తు పంపితే చీలిక దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టి టేపు మీద ముద్ర వేస్తుంది. ముద్ర పడిన టేపు అదే చీలిక ముందు కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపించింది ఇదే. అంటే రాసే హెడ్ చదవగలదు కూడా! ట్రాకుకొకటి చొప్పున రాసే హెడ్‌లు ఒకే నిలువు వరుసలో ఉంటాయి. టెరెల్ ట్రాకు మీదున్న హెడ్‌ని చదవమని, పక్కనున్న గే హెడ్‌ని రాయమని స్విచ్ వేస్తే చాలు. మధ్య దూరం సున్నా, ఆలస్యమూ సున్నా.

ఒక లోటు ఉంది. రాసే హెడ్ చీలిక కాస్త వెడల్పు. సెకనుకు 15 అంగుళాల వేగంలో 10,000 హెర్ట్జ్ ధ్వని టేపు మీద ఆక్రమించే తరంగం పొడవు 0.038 మిల్లీమీటర్లు. చీలిక వెడల్పు ఆ కొలతకు దగ్గరైన కొద్దీ కీచుధ్వనులు మాయమవుతాయి. కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో గాయకుడికి వినిపించే గొంతు కొంచెం మొద్దుగా ఉంటుంది. ఉండనివ్వండి. చివర్లో మిక్సింగ్ అసలైన చదివే హెడ్ నుంచే చేస్తారు, తళుకంతా తిరిగొస్తుంది.

ఈ సున్నా ఆలస్యం మీద నాకెందుకింత ప్రేమంటే, సోల్ గాయకులు దరువుకు ఓ వెంట్రుకవాసి వెనక పాడతారు. ఆ పాట తీపంతా ఆ వెనకబాటులోనే ఉంది. మంచి బృందాల్లో కూడా స్వరాలు మొదలయ్యే క్షణాల మధ్య 30, 40 మిల్లీసెకన్ల తేడాలు మామూలే. యంత్రం తన సొంత ఆలస్యాన్ని కలపకపోతేనే గే ఎక్కడ కావాలని ఆగాడో మన చెవికి తెలుస్తుంది.

ఇక వరంగల్, డల్లాస్ సంగతి. రెండు ఊళ్ల మధ్య సుమారు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ఎంత లేదన్నా 0.14 సెకను. ఆ రెండంగుళాల తేడాయే మళ్లీ ఎదురైంది చూశారా! కాల్‌లో కలిసి పాడే ప్రయత్నం మానుకోండి. ఒకరు ముందు పాడి ఫైలు పంపండి, రెండోవారు దాన్ని తమ కంప్యూటర్లో వింటూ పాడండి. సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర 256 శాంపిళ్ల బఫర్ (తాత్కాలిక నిల్వ) పెడితే దాని ఆలస్యం 5.3 మిల్లీసెకన్లు. ఆరడుగుల దూరంలో నిలబడ్డ మనిషి గొంతు మన చెవికి చేరడానికి పట్టేంత. సాఫ్ట్‌వేర్ ఆ తేడాను లెక్కగట్టి ట్రాకును వెనక్కి జరుపుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు. వాటి ఆలస్యం చాలా ఎక్కువ, పైగా సాఫ్ట్‌వేర్ లెక్కకు అది సాధారణంగా అందదు. వైరున్నవే వాడండి.

రెండు గొంతుల్నీ అక్షరం అక్షరం ఒకే గీత మీదికి లాగేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కోరస్‌కు వాడితే వాడండి, డ్యూయెట్ జోలికి రానివ్వకండి. అరవై ఏళ్ల కిందట ఇంజనీర్లు అంత కష్టపడి కాపాడిన ఎడం అది. ఒక్క క్లిక్కుతో చెరిపేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

విడుదల సులువే. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి పంపిణీదారులు పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేరుస్తారు. రికార్డింగుకు దాన్ని గుర్తించే 12 అక్షరాల, అంకెల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య కావాలి. ఇద్దరి పేర్లూ ప్రధాన గాయకులుగానే నమోదు చేయండి. రచన వాటా, గానం వాటా ఎవరికెంతో కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాకే ఫైలు అప్‌లోడ్ చేయండి.