బ్రౌజరు ‘కర్నూలు’ను చదువు విధము

కడప అను పేరు ‘గడప’ అను మాటనుండి వచ్చినదనియు, తిరుమల యాత్రికులకు ఆ ఊరు గడప వంటిదనియు పెద్దలు చెప్పుదురు. వెబ్ పుటలోని లంకె కూడ ఒక గడపయే. కడపను గురించిన పుటలో ‘కర్నూలు’ అను లంకెను తాకినచో కర్నూలు పుట తెరపైకి వచ్చును. మాటలు, బొమ్మలు, ధ్వనులు ఇట్లు లంకెలతో ముడిపడి యుండుటకే హైపర్‌మీడియా అని పేరు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమున గల సెర్న్ పరిశోధనాలయమున ఇట్టి ఏర్పాటును ప్రతిపాదించెను.

కర్నూలు పుటను గూర్చి బ్రౌజరునకు ముందుగా ఏమియు తెలియదు. లంకెలోని చిరునామాను పట్టుకొని, ఆ పుటగల కంప్యూటరును హెచ్.టి.టి.పి. అను నియమము ప్రకారము అడుగును. వచ్చిన దానిలో ఏది శీర్షికయో, ఏది పేరాయో, ఏది మరియొక లంకెయో హెచ్.టి.ఎమ్.ఎల్. గుర్తులను బట్టి తెలిసికొనును. ఈ నియమములు అందరికి ఒకటే గనుక ఏ సంస్థవారి బ్రౌజరైనను ఏ ఊరి పుటనైనను తెరువగలదు.

చిక్కంతయు అక్షరముల దగ్గర వచ్చినది. కంప్యూటరు దాచునది అక్షరమును కాదు, అంకెను. ఒకప్పుడు తెలుగు పత్రికలు ఎవరి ఫాంటును వారు వాడి, ఆంగ్లాక్షరముల అంకెలకే తెలుగు రూపములను తొడిగినవి. ఆ ఫాంటు లేనిచోట అదే వార్త అర్థములేని ఆంగ్లాక్షరముల కుప్పగా కనబడెడిది. ఫాంటును పుటతో పాటు పంపు ఉపాయమున్నను అది అన్ని బ్రౌజరులలో పనిచేయలేదు. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. అట్టి పుటలలో ‘కర్నూలు’ అని వెదకినచో దొరకదు. కంటికి తెలుగే గాని యంత్రమునకు అందు తెలుగు లేదు. మార్చక విడిచిన పాత పుటల గతి నేటికిని అంతే.

ప్రపంచ లిపులన్నిటికిని ఒకే అంకెల పట్టికగా యూనికోడు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. ‘కర్నూలు’ అనగా అందు 7 సంకేతములు: క, ర, పొల్లు, న, ఊకారపు గుర్తు, ల, ఉకారపు గుర్తు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున మొత్తము 21 బైట్లు. ఇచ్చట బ్రౌజరు పని చూడదగినది. సంకేతములలో ఊకారము ‘న’ తరువాత ఉన్నది, పలుకుటయు అట్లే. కాని నల్లబల్లపై ఉపాధ్యాయుడు ఆ ఊకారమును ‘ర’కు తగిలించి, ‘న’ను వత్తుగా క్రిందికి దించును. బ్రౌజరు కూడ ఫాంటులోని సూత్రములను బట్టి అట్లే కూర్చి చూపును. లోపల దాచిన సంకేతములు మాత్రము కదలవు. అందుచేత ఫాంటు మారినను మాట మారదు, వెదకినచో దొరకును.

‘కడప’కు ఎన్ని బైట్లు కావలెనో విద్యార్థులు లెక్కింపవచ్చును. అందు వత్తు గాని గుణింతపు గుర్తు గాని లేదు. తరువాత ‘ప్రొద్దుటూరు’ను ప్రయత్నింపవచ్చును, అది కొంచెము కష్టము.