చిన్న సంసారములకు జీవితబీమా

ఇంట సంపాదించువారు అకాలమరణము నొందినచో ముందుగా ఆగిపోవునది పిల్లల చదువు. మగ్గము మూలపడును, అప్పులవారు వాకిట నిలుతురు, పెద్దపిల్లవాడు బడి మాని కూలికి పోవును. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతముల నేతపనివారి యిండ్లకును, తిరువళ్లూరునుండి దినదినము రైలులో చెన్నపట్టణమునకు పోవు చిరుద్యోగుల యిండ్లకును ఈ భయము సమానమే. కావున తక్కువ వ్యయముతో జీవితబీమా పొందు విధమును మన బడిపిల్లల తల్లిదండ్రులు తెలిసికొనుట యవసరము.

తెలుగువారికిది క్రొత్త సంగతి కాదు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరున 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో కేంద్రప్రభుత్వము 245 సంస్థల జీవితబీమా వ్యాపారమును జాతీయము చేసి, సెప్టెంబరు 1వ తేదీన జీవితబీమా కార్పొరేషనును నెలకొల్పెను. నాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరినది. నేడు కార్పొరేషనుతోపాటు ప్రైవేటు కంపెనీలును ఈ వ్యాపారము చేయుచున్నవి.

మనలో చాలమంది పాలసీ యనగా పొదుపని తలంతురు. "ఇరువదియేండ్లు కట్టినచో చేతికెంత వచ్చును?" అని ఏజెంటును అడుగుదురు. పొదుపుతో గూడిన పాలసీలో ప్రీమియమునందు అధికభాగము పొదుపుక్రిందనే పోవును. కుటుంబమునకు దక్కు రక్షణ స్వల్పము. గడువులోపల మరణించినప్పుడు మాత్రమే సొమ్ము చెల్లించు పాలసీ వేరొకటి కలదు. దానిని టర్మ్ పాలసీ యందురు. అది యేల చౌకయో చిన్న లెక్కవలన తెలియును. ఒకే యీడువారు వేయిమంది చేరిరనియు, ఏటికి వారిలో ఇద్దరు మరణింతురనియు అనుకొందము. ఆ రెండు కుటుంబములకు అయిదేసి లక్షలు ఇచ్చుటకు పదిలక్షలు కావలెను. తలకు వేయి రూపాయలు చాలును. కంపెనీ ఖర్చులు దీనికి అదనము. గడువు తీరువరకు బ్రతికియున్నచో పైసాయైన తిరిగి రాదు. ఇది నష్టమని కొందరు వగతురు. దొంగ రాలేదు గనుక తాళము వెల దండుగయైనదని యెవరైన వగతురా?

అన్నిటికంటె సులభమైనది 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా గలిగి, 18 మొదలు 50 ఏండ్లలోపు వయస్సుగలవారు చేరవచ్చును. 55 ఏండ్లవరకు కొనసాగవచ్చును. ఏటికి 436 రూపాయలు, అనగా దినమునకు రూపాయి ఇరువది పైసలు. ఏ కారణమున మరణించినను రెండు లక్షలు వచ్చును. క్రొత్తగా చేరినవారికి మొదటి 30 దినములు ప్రమాదమరణమునకు మాత్రమే వర్తించును. సంపాదన లేని గృహిణియు విడిగా చేరవచ్చును. సంవత్సరము జూన్ 1న మొదలగును గనుక మే నెలాఖరున ఖాతాలో సొమ్ము నిలువయుండవలెను. బడిఫీజులకని ఖాతా నూడ్చివేయు కాలమును అదియే!

అయినను రెండు లక్షలు చాలునా? నెలకు 15 వేలు వ్యయమగు నింట అవి పదుమూడు నెలలకే కరగిపోవును. కడపటి బిడ్డ చదువు ముగియుటకు ఎన్నేండ్లు కలవో లెక్కించి, మిగిలిన రక్షణకు టర్మ్ పాలసీ చూడవలెను. అనేక టర్మ్ పాలసీలకు పట్టా, ఆదాయపు పత్రములు అడుగుదురు. 2021 జనవరి 1 నుండి వచ్చిన సరళ్ జీవన్ బీమాకు విద్యార్హత, వృత్తి అను ఆంక్షలు ఉండరాదని నియమము. అయిదు లక్షలు మొదలు ఇరువదియైదు లక్షలవరకు తీసికొనవచ్చును. మొదటి 45 దినములు ప్రమాదమరణమే లెక్కకు వచ్చును. షరతులు అన్ని కంపెనీలయందును ఒకటే గనుక, ఆ పాలసీ యున్న కంపెనీల ప్రీమియములను సరిచూచినచో చాలును. వ్యక్తిగత జీవితబీమా ప్రీమియముపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి లేదు.

మనవారికి చిక్కు కాగితములలో గలదు. దరఖాస్తు ఇంగ్లీషున నుండును. ఏజెంటు తమిళమున అడిగి పూరించును. మనము సంతకము చేసెదము. తెలుగున సంతకము చేయుటకు అభ్యంతరము లేదు. అప్పుడు లోని విషయములను తెలిసిన భాషలో వివరించితినని మరియొకరు ధ్రువపరుపవలెను. ఆ వివరణను నిజముగా చెప్పించుకొనవలెను. పొగాకు, మధుమేహము దాచిపెట్టినచో మూడేండ్లలోపల కంపెనీ పాలసీని త్రోసివేయగలదు. మూడేండ్లు గడచిన పిమ్మట ప్రశ్నింపజాలదు. పాలసీ చేతికి వచ్చిన 30 దినములలో నచ్చనిచో తిప్పిపంపవచ్చును. మనకు ఇంటిపేరు ముందుండును, తమిళనాట తండ్రిపేరు మొదటి అక్షరము చాలును. కాబట్టి ఆధారున ఒక పేరు, బ్యాంకున మరొక పేరు పడుట కద్దు. నామినీ పేరు ఆధారున నున్నట్లే వ్రాయింపుడు. నామినీ మైనరైనచో సొమ్ము పుచ్చుకొను పెద్దను కూడ నియమింపవలెను.

అప్పులున్నవారు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టమును ఎరుగవలెను. భార్యాబిడ్డల లాభమునకని భర్త తన జీవితముపై ఆ చట్టము ప్రకారము తీసికొన్న పాలసీసొమ్మును, ఋణదాతలను మోసగించు తలంపు లేనంతవరకు, వారు జప్తు చేయలేరు. హిందువులు, ముస్లిములు మున్నగువారికి ఈ వసతి మద్రాసున 1913 ముగిసినది మొదలు, తక్కిన దేశమున 1923 ఏప్రిల్ నుండియు లభించినది. పాలసీ తీసికొనునప్పుడే దీనిని కోరవలెను. తరువాత చేర్చుటకు వీలు లేదు.