ఆండీస్ కొండల వేరు మందులు – మనకొక పాఠం



ఆస్పత్రికి వచ్చినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఇంట్లో వేరు మందు గాని, కషాయం గాని తీసుకుంటున్నారా?" చాలామంది తల దించుకుంటారు. కోప్పడతామని వారి భయం. ఈ ప్రశ్న ఎందుకు అడుగుతామో చెప్పడానికి ఈసారి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల సంగతి రాస్తున్నాము.

కల్లవాయ వైద్యులు

బొలీవియాలోని చరాసాని కొండ ప్రాంతానికి చెందిన కల్లవాయ వైద్యులు మందుల సంచి వేసుకొని ఊరూరా నడిచి వైద్యం చేసేవారు. వారికి సుమారు 980 రకాల మొక్కలు తెలుసని యునెస్కో పేర్కొంది. 2003లో వారి విద్యను మానవజాతి వారసత్వంగా ప్రకటించింది.

జబ్బు ఒంటిలోనే పుట్టదని, మనిషికీ భూమికీ పొత్తు చెడినా వస్తుందని వారి నమ్మకం. అందుకే కోకా ఆకులు పరచి కారణం వెదకుతారు. భూమాత పచమామకు కోకా ఆకులు, లామా కొవ్వు, మిఠాయిలు నిప్పులో సమర్పిస్తారు. మందూ, పూజా కలిసే నడుస్తాయి.

వేరులోని గుణం

పెరూలో రటానియా అనే చిన్న అడవి పొద ఉంది. 1778 నుండి 1788 వరకు ఆ ప్రాంతంలో మొక్కలను పరిశీలించిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు ఇపోలిటో రూయిజ్, అక్కడి స్త్రీలు దాని వేరుతో పళ్ళు తోముకోవడం గమనించాడు. అందులో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. అది చిగుళ్ళను గట్టిపరుస్తుంది. తర్వాత ఆ వేరు యూరప్ మందుల గ్రంథాలలోకి ఎక్కింది.

ఎత్తయిన చోట్ల వలేరియన్ జాతి మొక్కలున్నాయి. ఘాటు వాసనగల వాటి వేళ్ళను ఆందోళనకు, నిద్రకు వాడతారు.

జాగ్రత్త ఎక్కడ?

అడవి వేరులో మందు పాలు ఒక్కో మొక్కకు ఒక్కో రకంగా ఉంటుంది. నిద్రమాత్రలు వేసుకునేవారు, మద్యం తాగేవారు వలేరియన్ కూడా తీసుకుంటే మత్తు మితిమీరవచ్చు. ఇంకొక నష్టం ఏమిటంటే, ఆకు కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది గాని, వేరంతా తవ్వితే సాధారణంగా ఆ మొక్క చచ్చిపోతుంది.

బొలీవియా 2013లో సంప్రదాయ వైద్యంపై చట్టం చేసి, ఆ వైద్యులను నమోదు చేసి ఆరోగ్య వ్యవస్థతో కలిపే మార్గం ఏర్పరచింది. దాచిపెట్టిన మందు కన్నా చెప్పిన మందు మేలు.

కాబట్టి మీరు వాడే వేరును సిగ్గుపడక మా దగ్గరకు తీసుకురండి. దాని పేరు, ఎంత తీసుకుంటున్నారు, ఎన్నాళ్ళుగా అన్నది చెప్పండి. మేము కోప్పడము. ఆ ఒక్క మాట మీ ప్రాణం కాపాడవచ్చు.