గాజుపలక మీద రక్తపుచుక్క

మా ఇంట్లో ఆవుకు సుస్తీ చేస్తే ముందుగా తెలిసేది మా అమ్మకు. ఆ తరువాత మా కాఫీకి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను బడిపంతులును. నా జీతంతో ఇల్లు గడిచిపోతుంది కాని, పిల్లవాడి కాలేజీ ఖర్చు మాత్రం మా జెర్సీ సంకరజాతి ఆవు గౌరిదే. పూటకు ఆరు లీటర్లకు తగ్గకుండా ఇస్తుంది.

2023 జూలైలో ఒకనాటి ఉదయం గౌరి రెండు లీటర్లిచ్చి ఊరుకుంది. మేత ముట్టలేదు. కళ్ళవెంట నీరు కారుతున్నది. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి.

"ఎండదెబ్బేమోరా" అన్నది అమ్మ. ఆ మాట మీద ఆమెకే నమ్మకం ఉన్నట్టు లేదు. రెండేళ్ళ క్రితం మా లక్ష్మి పోయింది కూడా ఇలాగే. అప్పుడు ఒకాయన వచ్చి, ఒంటి మీద చెయ్యి వేసి చూసి, "జ్వరమండీ" అని సూది వేశాడు. మరునాడు మరొకటి. మూడోనాడు ఇంకొకటి. అయిదోనాటికి లక్ష్మి లేదు. ఏ జబ్బుతో పోయిందో మాకు ఈనాటికీ తెలియదు. ఆయన్ని అని ఏం లాభం? జబ్బు పేరేమిటని అడగాలని మాకూ తోచలేదు.

ఈసారి వెంటనే పశువుల డాక్టరుగారికి కబురు పెట్టాను. వచ్చినావిడ చిన్నపిల్ల, మా అమ్మకు మనుమరాలి వయసుంటుంది. థర్మామీటరు పెట్టి చూస్తే 106 డిగ్రీలు. ఇక సూది తీస్తుందనుకున్నాను. తీయలేదు. ప్రశ్నలు మొదలుపెట్టింది.

"మామ్మగారూ, మూత్రం కాఫీరంగుగా పోస్తోందా?"

"లేదు తల్లీ. కాఫీరంగు మాకు తెలియదూ!"

తరువాత గౌరి భుజానికి ముందువైపు తడిమి, "ఇక్కడ చూడండి మాస్టారూ" అన్నది. చెయ్యి పెట్టి చూస్తే నిమ్మకాయకంటె పెద్ద గడ్డ. తోక ఎత్తితే అడుగున శనగగింజల్లా పిడుదులు! రోజూ నీళ్ళుపోసి కడిగే ఆవే. ఒక్కనాడూ తోక ఎత్తి చూసిన పాపాన పోలేదు.

పిడుదులవల్ల ఆవులకు పట్టుకునే రక్తపు జబ్బుల్లో ముఖ్యమైనవి మూడట. థైలీరియా, బెబీసియా, అనాప్లాస్మా. మొదటిరోజున మూడింటిదీ ఒకటే వేషం: జ్వరం, మేత మానడం, పాలు తగ్గడం. బెబీసియా ఎర్రకణాలను పగలగొడుతుంది కనుక మూత్రం కాఫీరంగుకు తిరుగుతుంది. అనాప్లాస్మాలో రక్తం క్షీణించి కనురెప్పల లోపల పాలిపోతుంది, ఒక్కోసారి పచ్చబడుతుంది. మూత్రం మాత్రం ఎర్రబడదు. థైలీరియా ముందుగా గ్రంథుల్లోని తెల్లకణాల్లో చేరుతుంది. అందుకే ఆ గడ్డ.

"అయితే ఇది థైలీరియాయే కదమ్మా! ఆ మందేదో ఇచ్చెయ్యి" అన్నాను.

"అనుమానం వేరు, రుజువు వేరు మాస్టారూ. మీరు పేపరు దిద్దకుండా మార్కులు వేస్తారా?"

నేను మరి నోరెత్తలేదు.

చెవి కొసన సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం గాజుపలక మీదికి తీసి, మరొక పలక అంచుతో పలచగా పరిచింది. గడ్డలోంచి కాస్త ద్రవం తీసి మరో పలక మీద పూసింది. ఆస్పత్రికి నేనూ వెంట వెళ్ళాను. పలకలను ఆరబెట్టి, స్పిరిటులో ముంచి, గీమ్సా అనే రంగు పోసి, అరగంట ఆగి కడిగింది. సూక్ష్మదర్శినిలో నన్నూ చూడనిచ్చింది. ఎర్రకణాల్లో చిన్న చిన్న ఉంగరాలు, కామాలు. రెండో పలక మీద తెల్లకణాల్లో నీలిమచ్చలు. వాటికి రాబర్ట్ కాక్ పేరే పెట్టారట. బెబీసియా అయితే బేరిపండ్ల ఆకారంలో జంటలుగా కనపడేదట. అనాప్లాస్మా అయితే కణం అంచున ఒక చుక్క.

ఈ పట్టింపంతా ఎందుకంటే, మూడింటికీ మందులు వేరు. థైలీరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డిమినజిన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. ఒకదాని మందు మరొకదానికి ఇచ్చి కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. రక్తం బాగా క్షీణించాక సరైన మందు వేసినా ప్రాణం నిలవకపోవచ్చు.

అలాగని పలకే సర్వస్వం కాదు. ఒకసారి జబ్బుపడి కోలుకున్న పశువు రక్తంలో కొద్ది క్రిములు ఉండిపోవచ్చు. జబ్బు ఉండి కూడా పలకలో కనపడకపోవచ్చు. అటువంటప్పుడు పీసీఆర్ పరీక్ష పట్టుకుంటుంది. అందుచేత పలకనూ పశువునూ కలిపి చదవాలి.

పిడుదులకూ జబ్బుకూ సంబంధం ఉన్నదని అమెరికాలో పశువుల కాపర్లు ఎప్పటినుంచో అనేవారు. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు దానిని రుజువుచేసి ప్రకటించారు. రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నది 1897లో. అంటే అది దానికి నాలుగేళ్ళ ముందటి మాట!

మూడోనాటికి గౌరి జ్వరం దిగింది. పాలు మునుపటంత రావడానికి నెల పట్టింది. డాక్టరమ్మ చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు ఎవరికీ పోయలేదు. ఈ థైలీరియా మనుషులకు అంటదని, భయమంతా మందు గురించేనని ఆమె చెప్పింది. కొట్టం గోడల్లో పిడుదులు గుడ్లుపెట్టే పగుళ్ళన్నీ పూడ్పించాను.

ఇప్పుడు మా వీధిలో ఏ పశువుకు జ్వరమన్నా అమ్మ కర్రపట్టుకుని వెళ్ళి నిలబడుతుంది. "ముందు రక్తం తీయించండర్రా, తరువాతే సూది" అంటుంది. లక్ష్మి పేరు మాత్రం ఎత్తదు.